హైదరాబాద్‌లో అసీల్ కోళ్లు: జత కట్టడం నుంచి ప్రదర్శన దాకా

అసీల్ అనే అరబ్బీ మాటకు మేలిజాతిది, కల్తీ లేనిది అని అర్థం. ఆంధ్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా ప్రాంతాలను పుట్టినిల్లుగా చెప్పుకునే ఈ కోడికి మన నగరంలో రెండు భాషల్లో పేర్లున్నాయి. ఒంటి నిండా నల్లని ఈకలుంటే తెలుగులో కాకి అంటాం, తెల్లనివైతే సేతు, ఎర్రనివైతే డేగ, రెక్కల మీదా వీపు మీదా పసుపు దిగితే నెమలి. పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే పెంపకందారులు తెల్లదాన్ని నూరీ అనీ, నలుపు ఎరుపు కలిసినదాన్ని యాకూబ్ అనీ, బంగారు ఛాయ ఉన్నదాన్ని పీలా అనీ అంటారు. చార్మినార్ దగ్గరి మహబూబ్ చౌక్‌ను జనం ముర్గీ చౌక్ అని పిలుచుకునే ఊరిలో జాతి కోడి ముచ్చట కొత్తదేమీ కాదు. పుంజును బరిలోకి కాకుండా అందాల ప్రదర్శనకు తీసుకెళ్లాలనే ఆసక్తి మాత్రం ఇటీవల బాగా పెరిగింది.

ఈ తేడాను ముందే గట్టిగా చెప్పుకోవాలి. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం వినోదం కోసం జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడమూ, అటువంటి పోట్లాటలకు స్థలం నడపడమూ నేరాలే. పైగా పందెపు పుంజులో చూసే గుణాలు వేరు, ప్రదర్శన పుంజులో చూసేవి వేరు. పరాయి మనిషి చేతిలో కదలకుండా నిలబడలేని పుంజు ఎంత అందంగా ఉన్నా ప్రదర్శనకు పనికిరాదు.

మొదటి అడుగు: ఏ రూపం కావాలో తేల్చుకోవడం

అసీల్ అన్న ఒక్క పేరు కింద నేడు రెండు రూపాలు నడుస్తున్నాయి. పాత రూపపు పుంజు ఒళ్లు నిలువుగా ఉంటుంది. భుజాలు పైకి లేచి, ఈకలు పలచగా, గట్టిగా ఒంటికి అతుక్కుని ఉంటాయి. రొమ్ము ఎముక దగ్గర ఎర్రని చర్మం బయటికే కనిపిస్తుంది. తోక పొట్టిగా కిందికి వాలి ఉంటుంది. రెండో రూపాన్ని మనవాళ్లు చిలకముక్కు కోడి అనీ, పర్రాట్ బీక్ అనీ అంటారు. తమిళనాడులో దీన్నే కిలిమూక్కు, విసిరివాల్ అంటారు. చిలకముక్కు, విసనకర్ర తోక అని ఆ మాటల అర్థం. ముక్కు పొట్టిగా, లావుగా, మొదటి నుంచే వంపు తిరిగి ఉండాలి. తోక ఈకలు నేలను తాకేంత పొడవుగా, ఒకదాని కింద ఒకటి పరచుకుని దిగాలి. అందాల ప్రదర్శనల్లో ఎక్కువగా కనిపించేది ఈ రెండో రూపమే.

రెండింటికీ ఉమ్మడిగా ఉండే గుర్తులు మూడు: నెత్తికి అంటుకుని ఉండే బఠానీ జుట్టు (బఠానీ గింజల్లాంటి బుడిపెలున్న తురాయి), గడ్డం కింద వేలాడే తోలు దాదాపుగా లేకపోవడం, ముత్యంలా తెల్లగా మెరిసే కన్ను. ఈ ఉమ్మడి గుర్తులను చూసి రెండు రూపాలనూ కలిపితే మంచిదేదో పుడుతుందని చాలామంది ఆశపడతారు. అలా పుట్టిన పిల్లలకు తోక సగమే వస్తుంది, ఈక గట్టితనమూ పోతుంది, ఏ విభాగంలో నిలబెట్టినా మార్కులు రావు. కాబట్టి డబ్బు పెట్టక ముందే ఒక రూపాన్ని ఎంచుకుని, కనీసం నాలుగైదు తరాల పాటు దానికే కట్టుబడాలి.

రెండో అడుగు: తొలి కోళ్లను కొనడం

పుంజును చూడగానే జాతి తేలిపోతుందని నేనూ ఒకప్పుడు నమ్మాను. ఆరేళ్ల కిందట నగర శివార్లలోని ఒక పెంపకందారు దగ్గర డేగ పుంజును కొన్నాను. ముక్కు, కన్ను, నిలబడే తీరు, దేనికీ వంక పెట్టడానికి లేదు. దాన్ని మా నాలుగు పెట్టలతో కలిపితే ఆ ఏడాది ఇరవై రెండు పిల్లలు దిగాయి. మూడో రోజున గంపలోంచి ఒక పిల్లను తీసి వెలుతురుకు పట్టుకుని చూస్తే, నెత్తి మీద బఠానీ బుడిపెలకు బదులు సన్నని రంపపు అంచు కనిపించింది. అలాంటిదే మరొకటీ తేలింది. అమ్మినవారు మోసం చేశారని నలుగురి దగ్గరా చెప్పుకున్నాను.

నేను తొందరపడ్డానని తరువాత అర్థమైంది. బఠానీ జుట్టు గుణం ఒంటి జుట్టు గుణాన్ని, అంటే రంపపు అంచులా ఒకే వరుసలో లేచే తురాయి గుణాన్ని, కప్పేస్తుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు వైపుల నుంచీ ఒంటి జుట్టు గుణం అందితేనే పిల్లలో అది బయటపడుతుంది. అంటే తప్పు పుంజులో ఎంత ఉందో, మా పెట్టల్లోనూ అంతే ఉంది. మరుసటి ఏడాది ఏ పెట్ట గుడ్డు ఏదో పెన్సిలుతో రాసిపెట్టి పొదిగిస్తే, ఒంటి జుట్టు పిల్లలన్నీ ఒకే పెట్టవని తేలింది. అది మూడేళ్లుగా నేనే ముద్దుగా పెంచుకున్న పెట్ట.

అందువల్ల కొత్త పుంజును నమ్మే ముందు ఒక పరీక్ష చేయడం మేలు. ఒంటి జుట్టున్న మామూలు నాటుపెట్టతో దాన్ని జత కట్టి ఏడెనిమిది పిల్లలను తీయించాలి. పుంజులో ఒంటి జుట్టు గుణం దాగి ఉంటే సుమారు సగం పిల్లలకు అది కనిపిస్తుంది. ఏడు పిల్లలకూ బఠానీ జుట్టే వస్తే, ఆ పుంజు లోపల కల్తీ దాగి ఉండి మనకు తప్పించుకునే అవకాశం 128లో ఒక వంతు మాత్రమే. దాగిన గుణమున్న కోళ్ల జుట్టు తరచూ కాస్త పెద్దదిగా, వరుస తప్పినట్టుగా కూడా ఉంటుంది. ఇది అనుమానానికి ఆధారమే తప్ప రుజువు కాదు.

కొనేటప్పుడు పుంజును చేతిలోకి తీసుకుని చూడాలి. రొమ్ము ఎముకను వేలితో తడిమితే వంకర లేకుండా ఉండాలి. వేళ్లు తిన్నగా ఉండాలి. కాలి పొలుసులు పైకి లేచి, కింద సున్నంలాంటి పొడి కనిపిస్తే పొలుసు పురుగు ఉన్నట్టు. చెవి దగ్గర పెట్టుకుని వింటే శ్వాసలో గురగుర వినిపించకూడదు. వీలైతే తల్లిదండ్రులను కూడా చూడాలి. వాటిని చూపించడానికి ఇష్టపడని చోట కొనకపోవడమే మంచిది.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ 1988లో మొదలైంది. అక్కడ అసీల్‌తో పాటు ఇతర దేశీ జాతులనూ పరిరక్షిస్తున్నారు, అసీల్ నుంచి ఎంపిక చేసిన వనశ్రీ అనే రకాన్నీ తయారుచేశారు. పెరటి పెంపకానికి అది మంచి కోడి. అయితే దాన్ని బరువు, గుడ్ల కోసం ఎంచుకుంటూ వచ్చారు కనుక, చిలకముక్కూ పొడవు తోకా కోరుకునేవారు దాని నుంచి ప్రదర్శన పుంజును ఆశించకూడదు.

మూడో అడుగు: చోటు

రెండు పుంజులు ఒకదానికొకటి కనిపించకూడదు. జాలీ మాత్రమే అడ్డం ఉంటే అవి రోజంతా దాని మీదే పొడుచుకుని ముక్కూ, తోకా పాడుచేసుకుంటాయి. కాబట్టి నేల నుంచి కనీసం మూడడుగుల వరకు రేకు గానీ, చెక్క గానీ కట్టి, ఆ పైన జాలీ వేయాలి. కాలికి తాడు వేసి కట్టి పెంచే అలవాటు మన దగ్గర ఉంది గానీ, తాడు రాసుకుని పొలుసులు ఊడిపోతాయి, నిలబడే తీరు ఒక పక్కకు ఒరుగుతుంది. పొడవు తోక పుంజుకు గూటి లోతు ఎక్కువ ఉండాలి, కూర్చునే కర్ర గోడకు కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి. లేదంటే తిరిగిన ప్రతిసారీ తోక కొసలు గోడకు రాసుకుని విరుగుతాయి.

డాబా మీద పెంచేవారు మే నెలను దృష్టిలో పెట్టుకునే షెడ్డు వేయాలి. నగరంలో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున రేకు కింది గూడు పొయ్యిలా కాగిపోతుంది, బరువైన అసీల్ పుంజు నోరు తెరిచి రొప్పుతూ కొన్ని గంటల్లోనే చనిపోగలదు. రేకు మీద తాటాకు గానీ, తడిపిన గోనెపట్టాలు గానీ పరచాలి. మేతను తెల్లవారుజామునా, పొద్దు వాలాకా మాత్రమే వేయాలి. తెల్లవారకముందే మొదలయ్యే కూతల సంగతి పక్కింటివారితో ముందే మాట్లాడుకోవడం కూడా షెడ్డు పనిలో భాగమే. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి నేను ఈ పని సూచించను.

నాలుగో అడుగు: జత కట్టడం

ఒక పుంజుకు నాలుగు నుంచి ఆరు పెట్టలు చాలు. కాలి ముళ్లు పెట్ట వీపును చీల్చకుండా వాటి కొసలను కొద్దిగా అరగదీయాలి. పుంజును మార్చాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పాత పుంజు బీజం పెట్ట ఒంట్లో రెండు వారాలకు పైగా నిలిచి ఉంటుంది. కాబట్టి పాతదాన్ని తీసేశాక మూడు వారాల పాటు వచ్చే గుడ్లను పొదుగుకు వాడకూడదు. ఆ తరువాతి గుడ్లే కొత్త పుంజువని నమ్మకంగా చెప్పగలం.

మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు ఒకే గొప్ప పుంజును అన్ని పెట్టలకూ వాడి, మళ్లీ దాని కూతుళ్లకూ దాన్నే వాడడం. తండ్రీ కూతుళ్ల జతలోనూ, తోబుట్టువుల జతలోనూ పుట్టిన పిల్లల్లో రక్త సమీపత (ఒకే పూర్వీకుని గుణం తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ అందే అవకాశం) 25 శాతానికి చేరుతుంది. మొదటి తరంలో రూపం ఒక్కలా వస్తుంది కనుక అది లాభంగానే కనిపిస్తుంది. ఆ తరువాత గుడ్లలో పిల్ల కట్టకపోవడం, వేళ్లు వంకర పోవడం, పిల్లలు నీరసంగా పుట్టడం మొదలవుతాయి. లెక్క చూస్తే, ఒక పుంజు, పది పెట్టలున్న గుంపులో తరానికి సుమారు 14 శాతం చొప్పున రక్త సమీపత పెరుగుతుంది. మూడు పుంజులు, పన్నెండు పెట్టలు పెట్టుకుంటే అది సుమారు 5 శాతానికి తగ్గుతుంది. పెట్టలను పెంచడం కంటే పుంజులను పెంచడమే ఎక్కువ మేలు చేస్తుందన్నమాట.

కాబట్టి మూడు కుటుంబాలను విడివిడిగా పెట్టుకోవాలి. మొదటి కుటుంబంలో పుట్టిన మేలైన పుంజు రెండో కుటుంబానికి, రెండోదానిది మూడోదానికి, మూడోదానిది మొదటిదానికి వెళ్లాలి. పెట్టపిల్లలు మాత్రం పుట్టిన కుటుంబంలోనే ఉండిపోవాలి. ఈ వరుస తప్పకపోతే బయటి నుంచి కోడిని తేకుండానే చాలా తరాలు నెట్టుకురావచ్చు. మూడు కుటుంబాలకు చోటు లేనివారు ఒకే మాట మీద ఉండే ఇద్దరు మిత్రులతో తలా ఒకటి పంచుకుంటే సరిపోతుంది.

రంగుల విషయంలో ఒక మెళకువ ఉంది. కోళ్లలో తండ్రి నుంచి వచ్చే గుణాలన్నీ కూతురికి ఒకే తీరుగా రావు. వెండి, బంగారు ఛాయల వంటి కొన్ని గుణాలు లింగాన్ని నిర్ణయించే క్రోమోజోముకు (కణంలో గుణాలను మోసే దారానికి) అంటుకుని ఉంటాయి, వాటిని పెట్టపిల్ల తండ్రి నుంచి మాత్రమే పొందుతుంది. వెండి ఛాయ పెట్టను స్వచ్ఛమైన బంగారు ఛాయ పుంజుతో కలిపితే పుంజుపిల్లలకు వెండీ, పెట్టపిల్లలకు బంగారూ వస్తాయి. తల్లి రంగు కూతురిలో కనిపించలేదని పెట్టను తీసేసేవారు ఇది తెలుసుకోవాలి.

ఐదో అడుగు: గుడ్లు, పొదుగు

అసీల్ పెట్ట గుడ్లు తక్కువ పెడుతుంది కనుక ప్రతి గుడ్డూ విలువైనదే. ఏడు రోజుల లోపు గుడ్లనే పొదగెయ్యాలి. వాటిని సన్నటి కొస కిందికి ఉండేలా నిలబెట్టి, చల్లటి చోట ఉంచాలి. సుమారు 21 డిగ్రీలు దాటిన వేడిలో గుడ్డులోని పిండం నిద్ర లేచి నెమ్మదిగా ఎదగడం మొదలుపెడుతుంది, పొదుగు వేడి అందక అక్కడే చనిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో వంటింటి అటక మీద దాచిన గుడ్లలో పిల్లలు రాకపోవడానికి పెట్టనో, పుంజునో తప్పుపట్టడం అన్యాయం. ఫ్రిజ్ అడుగున పెడితే అతి చల్లదనానికి పిండం దెబ్బతింటుంది. వెడల్పాటి కుండలో తడి ఇసుక పోసి, దానిలో చిన్న కుండను కూర్చోబెట్టి గుడ్లను అందులో దాచడం నేను చూసిన వాటిలో అన్నిటికంటే చవకైన పద్ధతి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వచ్చే గుడ్లకు ఈ బాధ తక్కువ, ఆ పిల్లలు ఎండలు ముదిరే లోపు ఈకలు పట్టి గట్టిపడతాయి కూడా.

పెట్ట కింద ఎనిమిది నుంచి పది గుడ్లకు మించి పెట్టకూడదు. అసీల్ పెట్ట మంచి తల్లే గానీ బరువైనది, అదిరిపడి లేచినప్పుడు గుడ్లు చితకవచ్చు. ఇంక్యుబేటర్ వాడేవారు ఫ్యాన్ ఉన్నదైతే వేడిని 37.5 డిగ్రీల దగ్గర నిలపాలి. మొదటి 18 రోజులు తేమ 50 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70 శాతం ఉండాలి. పెట్టె మీది అంకెను నమ్మకుండా లోపల వేరొక థర్మామీటర్ పెట్టి సరిచూసుకోవాలి. ఏడో రోజున చీకటి గదిలో టార్చి వెలుగుకు పట్టి చూసి, సాలెగూడులాంటి రక్తనాళాలు కనిపించని గుడ్లను తీసేయాలి. పద్దెనిమిదో రోజు నుంచి గుడ్లను తిప్పకూడదు. 21వ రోజున పిల్లలు దిగుతాయి.

పిల్ల దిగిన రోజే గుర్తు వేయాలి. వేళ్ల మధ్య పలచని తోలు కాలికి రెండు చోట్ల చొప్పున నాలుగు చోట్ల ఉంటుంది. ఏ చోట రంధ్రం వేయాలి, ఏ చోట వదలాలి అనే లెక్కతో పదహారు రకాల గుర్తులు వస్తాయి, కుటుంబానికి నాలుగైదు పెట్టలైతే మూడు కుటుంబాలకూ పెట్టలవారీగా అవి చాలు. ప్లాస్టిక్ రింగులు ఊడిపోతాయి, ఈ రంధ్రం చచ్చేదాకా ఉంటుంది. ఏ గుర్తు ఏ తల్లిదండ్రులదో అప్పటికప్పుడే నోటుపుస్తకంలో రాయాలి.

ఆరో అడుగు: పిల్లల పెంపకం

మొదటి ఎనిమిది వారాలు 20 శాతం పైగా మాంసకృత్తులున్న స్టార్టర్ మేత ఇవ్వాలి. ఆ తరువాత జొన్నలు, సజ్జలు, తైదలు, నూకలు కలుపుకోవచ్చు గానీ, ఉత్తి గింజల మీద పెంచితే ఈక సరిగ్గా రాదు. కొక్కెర తెగులుకు ఐదు నుంచి ఏడు రోజుల మధ్య లసోటా టీకాను కంట్లో చుక్కగా వేసి, నాలుగో వారంలో మళ్లీ ఇవ్వాలి. గంబోరో అనే వైరస్ తెగులు టీకాను రెండో వారంలో, మశూచి టీకాను ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, కొక్కెర తెగులుకే వేసే ఆర్‌టూబీ టీకాను ఎనిమిది వారాలు నిండాక పశువైద్యుని సలహాతో వేయించాలి. టీకా సీసా వంద మోతాదులకు తక్కువ దొరకడం కష్టం, కలిపాక రెండు గంటలకు మించి నిలవదు. కాబట్టి ఇరుగుపొరుగు పెంపకందారులు ఒకే రోజు పెట్టుకుంటే వృథా కాదు. వానాకాలంలో కింద పరిచిన పొట్టు తడిస్తే రక్త విరేచనాలు మొదలవుతాయి. పొట్టును రోజూ తిరగేయడం మందుల కంటే ముందు చేయాల్సిన పని.

పుంజుపిల్లలు మూడు నెలల వయసులో ఒకదాన్నొకటి నిలదీయడం మొదలుపెడతాయి. ఆ వారంలోనే వాటిని విడదీయాలి. ఒక్క సాయంత్రం ఆలస్యమైతే చాలు, ఏడాది కష్టం ఒక కంటితో పోతుంది.

ఎంపికను ఒకేసారి కాకుండా మూడు దఫాలుగా చేయాలి. దిగిన వారంలో జుట్టు, వేళ్లు చూడాలి. నాలుగో నెలలో ముక్కు వంపు, కాళ్ల తిన్నదనం, ఎదుగుదల చూడాలి. తోకనూ కంటి రంగునూ ఏడాది దాటకముందు తీర్పు చెప్పకూడదు, చిన్న వయసులో పసుపుపచ్చగా ఉన్న కన్ను తరువాత తెల్లబడటం మామూలే.

ఏడో అడుగు: ప్రదర్శనకు సిద్ధం చేయడం

ఈ పని మూడు నెలల ముందు మొదలవ్వాలి. విరిగిన ఈక తనంతట తాను పెరగదు, ఏడాదికోసారి ఈకలు రాల్చే కాలం వచ్చేదాకా అలాగే ఉంటుంది. దాన్ని మొదలంటా తీసేస్తే మాత్రం కొత్త ఈక మొలుస్తుంది. ఒకటో రెండో ఈకలైతే మూడు నెలల ముందే పట్టుకుని, అది మొలిచిన దిశలోనే ఒక్క ఊపున లాగాలి. కొత్త ఈక నల్లటి గొట్టంలా, నిండా రక్తంతో వస్తుంది. ఆ దశలో దాన్ని నలిపినా విరిచినా రక్తం కారుతుంది, వంకరగా కూడా మొలుస్తుంది. ఈక అంతా మాంసకృత్తే కనుక ఈ మూడు నెలలూ వేరుశనగ చెక్క, ఉడికించిన గుడ్డు, కొద్దిగా ఎండుచేప మేతలో కలపడం మంచిది. పుంజు బాదంపప్పు తింటే తోక పెరుగుతుందని చెప్పేవారున్నారు. అది పెంపకందారు జేబుకు భారమే తప్ప తోకకు చేసే మేలేమీ లేదు.

నెల ముందు నుంచి రోజూ పది నిమిషాలు పుంజును చేతిలోకి తీసుకోవాలి. కొత్తవాళ్ల చేత కూడా పట్టించాలి. సన్నటి కర్రతో రొమ్ము కింద మెల్లగా తాకుతూ నిలబడటం నేర్పాలి. స్నానాన్ని రెండు రోజుల ముందు చేయించాలి. మూడు టబ్బుల్లో గోరువెచ్చని నీళ్లు పెట్టుకోవాలి: మొదటిదానిలో పిల్లల షాంపూ, రెండోదానిలో మంచినీళ్లు, మూడోదానిలో రెండు చెంచాల వెనిగర్. తలను తడపకుండా, ఈకలు వాలిన వైపుకే చేత్తో తోమాలి. ఎదురు తోమితే ఈకల పొందిక చెడుతుంది. కాళ్లను పాత టూత్‌బ్రష్‌తో కడిగి, నీడలో పూర్తిగా ఆరాక జుట్టుకూ కాళ్లకూ కొబ్బరినూనె పల్చగా అద్దాలి. నూనె ఎక్కువైతే దుమ్మంతా అంటుకుంటుంది.

ముక్కు వంపు కోసం ఆకురాయితో అరగదీయడం, జుట్టు కత్తిరించడం, ఈకలకు రంగు వేయడం మోసం. వీటిలో మొదటి రెండూ కోడిని బాధపెట్టే పనులు కూడా. అనుభవమున్న న్యాయనిర్ణేత ముక్కు మీది పొరలను చూసే కనిపెట్టేస్తాడు.

చివరి అడుగు: వెళ్లడం, తిరిగి రావడం

ప్రయాణం రాత్రి పూట, తోక మడత పడనంత పొడవైన గాలి ఆడే పెట్టెలో చేయించాలి. వెళ్లే ముందు చుట్టుపక్కల జిల్లాల్లో రోగాల వార్తలు కనుక్కోవాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డ రోజుల్లో కోడిని ఇల్లు కదల్చకపోవడమే సరైన పని. ప్రదర్శన మైదానంలో మన నీళ్ల గిన్నె, మన మేతే వాడాలి.

తిరిగి వచ్చిన పుంజును నేరుగా గుంపులో వదలకూడదు. మిగతా కోళ్లకు దూరంగా వేరే గూట్లో 21 రోజులు ఉంచాలి, దానికి మేత వేసే పని అన్నిటికంటే చివర పెట్టుకోవాలి, చెప్పులు కూడా వేరుగా ఉంచుకోవాలి. ఆ మూడు వారాల్లో తుమ్ము గానీ, పచ్చని విరేచనం గానీ కనిపిస్తే పశువైద్యునికి చూపించాలి. న్యాయనిర్ణేత ఎక్కడ మార్కు తగ్గించాడో ఆ పుంజు పేరు ఎదుటే కాకుండా, కాలి రంధ్రాల గుర్తును బట్టి దాని తల్లి పేరు ఎదుట కూడా నోటుపుస్తకంలో రాయాలి. నా పుస్తకంలో ఒక పెట్ట పేరు ఎదుట ‘తోక ఎడమకు ఒరిగింది’ అని మూడు ప్రదర్శనల్లో మూడు వేర్వేరు కొడుకుల గురించి రాసి ఉంది. ఆ పెట్ట గుడ్లను ఈ ఏడాది పొదగెయ్యలేదు.